దరువు ఒకటే... బోర్డులే వేరు!

కొత్తవలస చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి ఊరేగింపు బయలుదేరిందంటే పాట కంటే ముందు వచ్చేది బేస్. డీజే బండి ఇంకా వీధి మలుపు తిరగకముందే అటక మీది గిన్నెలు గలగలమంటాయి. మాటలు అందవు, సన్నాయి అందదు, ఆ ‘ధబ్ ధబ్’ మాత్రం గుండెకు వచ్చి తగులుతుంది. కుర్రకారు దాన్ని ‘ఫోక్ బీట్’ అంటారు. నలభై దాటినవారు ‘డిస్కో’ అంటారు. డీజే నడిపేవాడు ‘మాస్ మిక్స్’ అని రాసుకుంటాడు. ముగ్గురి చెవిలో పడుతున్నదీ ఒకటే చప్పుడు. మరి పేర్లు మూడెందుకు?

బేస్ అంటే పాటకు అడుగున నడిచే మంద్రస్వరాల వరస. ఒకప్పుడు దీన్ని మనిషెత్తు ఉండే డబుల్ బేస్ మీద నిలబడి వాయించేవారు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌ను అమ్మకానికి తెచ్చాక అది భుజాన వేలాడదీసుకునే వాయిద్యమైంది. తర్వాత సినిమా పాటల్లోనూ చేరింది. ‘గీతాంజలి’ (1989) పాటలు మళ్లీ ఒకసారి వినండి. గాయకుడిని కాసేపు పక్కన పెట్టి అడుగున ఏం జరుగుతోందో చూడండి. ఇళయరాజా అక్కడ రెండో పాట ఒకటి నడిపిస్తుంటారు. అయినా వాటిని మనం ‘మెలోడీ’ అనే అంటాం. అంటే మన పేర్లు గొంతును బట్టి, సన్నివేశాన్ని బట్టి పుట్టాయే తప్ప అడుగున నడిచే బేస్‌ను బట్టి కాదన్నమాట.

పాశ్చాత్యులు కొంత నయం, నడక చూసి పేరు పెడతారు. నాలుగు దెబ్బలూ సమానంగా పడుతుండగా బేస్ కింది షడ్జం నుంచి పై షడ్జానికి గెంతుతూ ఉంటే డిస్కో. మొదటి దెబ్బ దగ్గర తరచూ ఖాళీ వదిలి, బరువుగా, తీరుబడిగా పడితే జమైకా వారి రెగ్గే. దెబ్బకో స్వరం చొప్పున మెట్లు ఎక్కి దిగినట్టు నడిస్తే జాజ్. స్వరాలు అవే కావచ్చు. ఎక్కడ పడ్డాయి, ఎక్కడ పడకుండా ఆగాయి అన్నదే తేడా.

ఆ లెక్కయినా ఎంతవరకు నిలిచింది? 1979లో అమెరికాలో షిక్ అనే బృందం ‘గుడ్ టైమ్స్’ అనే డిస్కో పాట విడుదల చేసింది. అందులో బేస్ వాయించినవాడు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. అదే ఏడాది షుగర్‌హిల్ గ్యాంగ్ అనే బృందం ఆ పాట దరువునే మళ్లీ వాయించి, దానిపై లయబద్ధంగా మాటలు చెప్పి రికార్డు వేసింది. దానికి ‘ర్యాప్’ అని పేరొచ్చింది. 1980లో ఇంగ్లండ్‌కు చెందిన క్వీన్ బృందం దాదాపు అలాంటి నడకతోనే ఇంకో పాట చేస్తే అది ‘రాక్’ అయింది. కొత్తవలస జంక్షన్‌లో నిలబడేవారికి ఇది వింతేమీ కాదు. బోగీ అదే, బోర్డు మారిస్తే అరకు వైపు వెళ్లే బండి, తిప్పి పెడితే విశాఖ బండి!

బోర్డు ఎప్పుడో తర్వాత తగిలించిన ఉదంతం మన దేశంలోనే ఉంది. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి హెచ్.ఎం.వి. రికార్డుగా తెచ్చారు. బేస్ కోసం జపాన్ కంపెనీ రోలాండ్ తయారుచేసిన టీబీ-303 అనే చిన్న యంత్రం వాడారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అదే యంత్రంతో షికాగోలో ‘యాసిడ్ హౌస్’ అనే తరహా మొదలైంది. దాని తొలి రికార్డుగా చెప్పుకునేది 1987 నాటిది. 2010లో సింగ్ రికార్డు మళ్లీ విడుదలైతే పాశ్చాత్య విమర్శకులు ‘ఇది యాసిడ్ హౌస్ కదా’ అని ఆశ్చర్యపోయారు. ఆయన మటుకు అట్ట మీద డిస్కో అనే వేసుకున్నారు. 2015లో ఆయన కన్నుమూశారు.

ఇక మన ‘ఫోక్ బీట్’ సంగతి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తప్పెటగుళ్లలో బేస్ గిటార్ ఎక్కడిది? రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెట మీద అరచేయి నడుమ పడితే మంద్రం, అంచున పడితే తారం. కాలి గజ్జెలు లెక్క చెబుతాయి. మన పల్లె పాటల్లో చాలావాటిది ‘తకిట తకిట’ అనే మూడు మాత్రల ఊపు. డీజే మిక్స్‌లో తరచూ దాని కిందకు ‘తకధిమి’ అని నాలుగు మాత్రల బేస్ నెడతారు. మాట మనదే, యాస మనదే, ఊపు మాత్రం చదునైపోతుంది. అడుగులు వేసే ఆడవాళ్లు ఎక్కడో ఒకచోట తడబడటం చూస్తూనే ఉంటాం. తప్పు వారి కాళ్లది కాదు. ‘ఫోక్’ అన్న మాట పాటకు వర్తిస్తుందేమో గాని ఆ బేస్‌కు వర్తించదు.

పేరు వల్ల పోయేది ఊపు ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. షుగర్‌హిల్ రికార్డు విషయంలో ఎడ్వర్డ్స్, ఆయన సహచరుడు నైల్ రోజర్స్ కోర్టుకెక్కుతామన్నారు. దాంతో వారి పేర్లు ఆ పాట కర్తలుగా చేరాయి. బోర్డు ర్యాప్ అయినా బేస్ డిస్కో వాళ్లదేనని ఒప్పుకోక తప్పలేదు. పేరుతోపాటు డబ్బూ వస్తుంది మరి. ఇక్కడ ‘జానపదం’ అన్న బోర్డు తగిలిస్తే కర్త ఊసే ఉండదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి 2020 ఆగస్టు 4న కన్నుమూసిన వంగపండు ప్రసాదరావు మన కళ్లముందు పాట కట్టి, గజ్జె కట్టి ఆడిన మనిషి. ఆయన పాటను మైకులో ‘జానపదం’ అని ప్రకటిస్తే వినే పిల్లలకు అది ఎవరూ రాయకుండా నేల నుంచి మొలిచిందనే అనిపిస్తుంది. 2020లోనే వచ్చిన ‘పలాస 1978’ సినిమాతో మన ‘నక్కిలీసు గొలుసు’ పాట రాష్ట్రమంతా మోగింది. మోగినందుకు సంతోషమే. సంగీత దర్శకుడు రఘు కుంచె పేరు అందరికీ తెలుసు. దానికి ముందు ఊళ్లలో దాన్ని నిలబెట్టినవారి పేర్లు ఎవరు చెబుతారు?

ఈసారి డీజే బండి మీ వీధికి వచ్చినప్పుడు ఓ పని చేసి చూడండి. మాటలు వదిలేసి అడుగు చప్పుడుకు తకిట, తకిట అని చప్పట్లు కొట్టండి. మూడో చప్పట్లో బేస్ మీ చేతికి ఎదురొస్తే ఊపు ఎక్కడ మారిందో అక్కడే దొరుకుతుంది. తర్వాత డీజే వాడిని ‘ఈ పాట ఎవరు కట్టారు బాబూ?’ అని అడగండి.