పాత పికప్ బండి కొనునపుడు వెనుక కమానుల పరీక్ష

పాలు, కూరగాయలు, ఎరువు బస్తాలు చేరవేయుటకు నేడు దాదాపు ప్రతి గ్రామమునను చిన్న పికప్ బండ్లు కనిపించుచున్నవి. 2005లో టాటా ఏస్ బండి వెలువడిన పిమ్మట ఈ మార్పు మరింత వేగముగా సాగినది. క్రొత్త బండిని కొనజాలని యువకులు అప్పు చేసి పాత బండిని కొందురు. అట్టి బేరములకు మధ్యవర్తులుగను, సాక్షులుగను పంచాయతీ సభ్యులను పిలుచుట పరిపాటి. పండ్లు చూచి, నడక చూచి, కాడి కట్టి చూచిన గాని ఎద్దునకు బయానా ఈయని మన పెద్దలు, బండి విషయమున మాత్రము రంగును, ఇంజను చప్పుడును చూచి తృప్తి చెందుచున్నారు. బండి క్రిందికి వంగి చూచువారు అరుదు. చూడవలసినది అక్కడనే యున్నది.

పికప్ బండి వెనుక ఇరుసునకు ఇరువైపుల ఉక్కు పట్టీల కట్టలు సాధారణముగా నుండును. వీనినే మెకానిక్కులు కమాను కట్టలందురు. జట్కాబండి నెరిగినవారికి ఇవి క్రొత్తవి కావు. ఎన్ని పట్టీలుండవలెనో, ఏ మందమున నుండవలెనో బండిని తయారుచేసినవారు లెక్కగట్టి నిర్ణయింతురు. అనుమతికి మించిన బరువు వేయదలచిన యజమాని ఈ కట్టకు అదనపు పట్టీ చేర్పించును. లేదా కట్టకును ఇరుసునకును నడుమ ఇనుప దిమ్మ పెట్టించి బండి వెనుక భాగమును ఎత్తించును. సమానమైన 5 పట్టీల కట్టకు ఆరవదానిని చేర్చినచో దాని గట్టితనము సుమారు ఐదవ వంతు పెరుగును. ఒక పట్టీ మందమును రెట్టింపు చేసినచో దాని గట్టితనము 8 రెట్లగును. అయితే బలము వచ్చినది కమానునకే. ఇరుసు, బేరింగులు, టైర్లు, ఛాసిస్, బ్రేకులు మునుపటివే.

బ్రేకుల సంగతి కొంత వివరముగ తెలిసికొనవలెను. పెక్కు పికప్ బండ్లలో, వెనుక బ్రేకులకు పోవు నూనె ఒత్తిడిని బరువును బట్టి సవరించు వాల్వు ఒకటి ఛాసిస్‌కు అమర్చబడి యుండును. దాని నుండి సన్నని కడ్డీ యొకటి ఇరుసునకు పోవును. బరువెక్కి బండి క్రుంగినపుడు ఛాసిస్‌కును ఇరుసునకును గల దూరము తగ్గి, కడ్డీ కదలి, వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పోవును. ఖాళీగా నున్నపుడు వెనుక చక్రములు బిగుసుకొని జారకుండుటకై ఒత్తిడి తగ్గును. అదనపు పట్టీలు వేసిన బండి, బరువెక్కినను తగినంత క్రుంగదు. పాపము, ఆ వాల్వునకు బస్తాలు కనబడవు గదా! బండి ఖాళీగా నున్నట్లే అది వ్యవహరించును. నిండు బరువుతో ఘాటు దిగుచున్న బండికి వెనుక బ్రేకులు చాలినంత పట్టవు. ఈ కడ్డీ ఊడియున్నను, తీగతో కట్టబడియున్నను బేరమును అంతటితో నిలుపుట మేలు.

పరీక్షకు బండిని ఖాళీ చేయించి, సిమెంటు కళ్లము వంటి సమతలమున నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలెను. జాకీపై లేపిన బండి క్రిందికి ఎవరును దూరరాదు. ఖాళీ పికప్ వెనుక కొంచెము ఎత్తుగా నుండుట సహజమే గావున, దానిని బట్టియే తీర్పు చెప్పరాదు. అదే రకమునకు చెందిన మరియొక బండిని ప్రక్కన నిలిపి, చక్రము నడిబొడ్డు నుండి తొట్టి అంచు వరకు గల ఎత్తును రెండింటను టేపుతో కొలిచినచో తేడా తెలియును. ఒకే బండిలో కుడి యెడమల కొలతలు భిన్నముగ నున్నచో, పట్టీ విరిగియైనను, ఒకవైపు కట్ట వేరుగా నైనను ఉండవచ్చును.

పిమ్మట రెండు కట్టల పట్టీలను లెక్కింపవలెను. తుప్పుపట్టిన పట్టీల నడుమ ఒకటి మాత్రము నిగనిగలాడుచున్నచో కారణమడుగుడు. అయితే కొన్ని బండ్లకు బరువెక్కినపుడు మాత్రమే తగులు సహాయపు పట్టీ తయారీలోనే యుండును. దానిని చూచి అమ్మకందారును అనుమానింపరాదు. ఇరుసును కట్టకు బిగించు యు బోల్టులు ఇంతకన్న ఎక్కువ సంగతులు చెప్పును. అమ్మకమునకు ముందు అదనపు పట్టీలను తీసివేసినను, వానికై వేసిన పొడవైన బోల్టులు మిగిలిపోవును. నట్టు దాటి రెండంగుళముల మర బయటికి వచ్చియున్నను, నట్టు క్రింద వాషర్లు దొంతరగా పేర్చియున్నను అది పాత కథకు సాక్ష్యము. కమాను తగిలించు బ్రాకెట్ల వద్ద క్రొత్త వెల్డింగు, ఛాసిస్‌కు అడుగున నుండు రబ్బరు దిమ్మలు నలిగి చీలియుండుట, హబ్బుల వద్ద నూనె కారుట కూడ అధిక భారపు గుర్తులు కావచ్చును. పట్టీకే వెల్డింగు చేసియున్నచో అది మిక్కిలి అపాయకరము. ఆ వేడికి ఉక్కు తన గుణమును కోల్పోవును.

తడి ఇసుకపై బండిని తిన్నగా నడిపించి జాడలు చూచుట సులభమైన పరీక్ష. వెనుక చక్రముల జాడ ముందు చక్రముల జాడకు ఒక ప్రక్కగా తొలగియున్నచో ఇరుసు స్థానము తప్పినదని శంకింపవచ్చును. కట్ట నడుమ నుండు సెంటరు బోల్టు తెగినపుడు ఇట్లగును.

చట్టము సంగతి. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ బండిని మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. 2019 సవరణ ప్రకారము అట్టి మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, 6 నెలల వరకు జైలుగాని, రెండునుగాని విధింపవచ్చును. అధిక భారమునకు చట్టములో 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నునకు 2,000 రూపాయల జరిమానా కలదు. విరిగిన పట్టీ స్థానమున అదే రకము పట్టీ వేయుట మాత్రము మరమ్మతే.

రిజిస్ట్రేషను పత్రములో మొత్తము బరువు, ఖాళీ బరువు వ్రాసియుండును. మొదటిది 2,800 కిలోలు, రెండవది 1,500 కిలోలు అయినచో, డ్రైవరుతో సహా మోయదగినది 1,300 కిలోలు. అమ్మకందారు “రెండు టన్నులు అవలీలగా లాగును” అని చెప్పినచో, అది పొగడ్తగా గాక ఒప్పుకోలుగా గ్రహింపవలెను. ఛాసిస్ నంబరును అధికృత సర్వీసు కేంద్రమున చూపినచో ఆ బండికి ఎన్ని పట్టీలు, ఏ కొలత టైర్లు ఉండవలెనో విచారింపవచ్చును. వెనుక కమానులకు చేసిన మార్పులు, వానిని సరిచేయించు ఖర్చు ఎవరిదన్న సంగతి బయానా ఇచ్చుటకు ముందే ఒప్పంద పత్రమున వ్రాయించి, ఉభయుల సంతకములు తీసికొన్న పిమ్మటనే సభ్యులు సాక్షి సంతకము చేయవలెను.