పొగే కదా అని తీసిపారేయకండి!

మీకు తెలుసా? పర్చూరు నుంచి మిర్చి టిక్కీలేసుకుని గుంటూరు యార్డుకు పోయే లారీ కూడా టర్బో బండే! పాత లారీల పేరు చివర 'టీసీ' అని ఉండేది. అంటే టర్బో ఛార్జ్‌డ్. టీ, కాఫీ కాదు!

టర్బో అంటే పొగ తోస్తే తిరిగే పంకా. నిమిషానికి లక్ష చుట్లు పైమాటే! మీ సీలింగ్ ఫ్యాన్? ఐదులో పెట్టినా నాలుగు వందలు దాటదు, పాపం.

1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారుకి పెట్రోలొక్కటే చాలేది కాదు, నీళ్లూ మెథనాలూ కలిపిన 'పానకం' కూడా పొయ్యాలి! జనం పొయ్యడం మరిచారు. చివరికి కంపెనీవాళ్లే చాలా కార్లకు టర్బో ఊడదీశారు.

మీకు తెలుసా? రెండంగుళాల పొగగొట్టం తీసేసి రెండున్నర అంగుళాలది బిగిస్తే దారి 56 శాతం పెరుగుతుంది. పెరిగింది అరంగుళమే సుమా!

పొగ ఎంత తేలిగ్గా బయటపడితే టర్బో అంత తొందరగా అందుకుంటుంది. అందుకే అసలు కిటుకు టర్బోని ఆనుకుని ఉండే డౌన్‌పైప్‌లో ఉంది. వెనక తళతళలాడే గొట్టం మార్చి "పికప్ పెరిగింది బావా" అనడం మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమే!

పొగ దారి మధ్యలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ డబ్బాలో ఏముంటుందో తెలుసా? ప్లాటినం, పల్లాడియం, రోడియం! స్పీడు కోసం దాన్ని పీకి పారేసే మహానుభావులున్నారు. వాళ్లింట్లో నగలు జాగ్రత్త.

ఆ డబ్బా భగభగ కాగుతుంది కూడా. రోడ్డు మీద ఆరబోసిన కంది కట్టె కారు కింద చుట్టుకుంటే? నిప్పు! మన పల్లెదారుల్లో ఇది జోకు కాదు.

టర్బో రెక్కలు మోతను కొంత మింగేస్తాయని తెలుసా? పుట్టుకతోనే మెతక గొంతు! కుర్రాళ్లు దానికే ఫట్‌ఫట్‌లు నేర్పుతారు. కంపెనీ బిగింపు మారిస్తే ఒక్కో మార్పుకీ 5,000 రూపాయలు, మోత మోగిస్తే 10,000 దాకా జరిమానా. జైలు మాట కూడా చట్టంలో ఉంది.

2024లో విశాఖ పోలీసులు మోత సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు. ఆఖరి మోత అదే!

ఇంకొక్కటి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. అన్నీ కరెంటు కార్లే, ఒక్కదానికీ పొగగొట్టం లేదు. పోలీసులకు పీకడానికి ఏం దొరుకుతుంది?