మీకు తెలుసా? గ్రాఫు రంగులూ తప్పుదారి పట్టిస్తాయి

పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను మొదలుపెట్టింది జాన్ హంటర్ అనే నాడీశాస్త్ర పరిశోధకుడు. మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను తెరపై చూసుకోవడానికి రాసుకున్న ప్రోగ్రామ్ అది.

మనం ప్రత్యేకంగా ఏమీ అడగకపోతే, హీట్‌మ్యాప్‌కు, అంటే విలువలను రంగులతో చూపే బొమ్మకు, అది చాలా ఏళ్లపాటు ‘జెట్’ రంగులే వేసేది. ముదురు నీలంతో మొదలై, లేత నీలం, పసుపు మీదుగా ముదురు ఎరుపు దాకా. కంటికి ఇంపుగానే ఉంటుంది. అదే బొమ్మను నలుపు తెలుపు జిరాక్స్ తీయండి. అతి తక్కువ విలువా, అతి ఎక్కువ విలువా రెండూ ముదురు బూడిద రంగులోకి మారిపోతాయి, మధ్యవి మాత్రం తెల్లగా మెరుస్తాయి. ఏది ఎక్కువో, ఏది తక్కువో ఎలా పోల్చుకుంటాం? రంగుల్లో చూసినా పసుపు దగ్గర లేని గీత ఉన్నట్టే అనిపిస్తుంది.

అందుకే 2015లో నథానియల్ స్మిత్, స్టెఫాన్ వాన్ డెర్ వాల్ట్ ‘విరిడిస్’ అనే రంగుల వరుసను పరిచయం చేశారు. ముదురు ఊదా నుంచి పసుపు దాకా వెలుగు క్రమంగా పెరుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు కూడా హాయిగా చదువుకోవచ్చు. 2017లో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్ ఇదే.

ఇక లైన్ గ్రాఫుల విషయానికొస్తే, వాటికి డిఫాల్ట్ రంగులు పది మాత్రమే. పదకొండో గీతకు మళ్లీ మొదటి నీలమే వస్తుంది. గీతలు ఎక్కువైతే రంగుతో సరిపెట్టకుండా చుక్కల గీత, మందం, మార్కర్ కూడా మార్చండి. రిపోర్టు పంపేముందు ఒక్కసారి నలుపు తెలుపులో ప్రింట్ తీసి చూసుకోండి.