పాట ఒక దారి, ఫొటోలు ఇంకో దారి: స్లైడ్‌షోలో టైమింగ్ ఎందుకు తప్పుతుంది?

ఫేర్‌వెల్ సీజన్ వచ్చిందంటే చాలు, ప్రతి బ్రాంచ్‌లోనూ ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌లో "ఫైనల్", "ఫైనల్ 2", "పక్కా ఫైనల్" అనే పేర్లతో పవర్‌పాయింట్ ఫైల్స్ పుట్టుకొస్తాయి. రూమ్‌లో ప్లే చేస్తే అంతా సూపర్. సెమినార్ హాల్లో వేసేసరికి పాట రాదు. వచ్చినా రెండో స్లైడ్‌కి ఆగిపోతుంది. ఆగకపోతే ఇంకో తంటా: కళ్లు చెమర్చాల్సిన ఫొటో దగ్గరికి వచ్చేసరికి పాటలో తీన్మార్ మొదలవుతుంది, హాలంతా ఘొల్లుమంటుంది.

సీఎస్ఈ అంటే చాలు, ప్రింటర్ దగ్గర్నుంచి ప్రొజెక్టర్ దాకా అన్నీ మనకే అప్పజెప్తారు కాబట్టి ఈ సమస్యలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదేం పెద్ద విషయమా అనిపించొచ్చు. కానీ ఆలోచించండి. మన మెస్‌లో ఏళ్ల తరబడి వండిపెట్టిన పెద్దమ్మ రిటైర్ అవుతోందనుకుందాం. ఆవిడ కోసం మనం చేసే స్లైడ్‌షోని ఆవిడ ఆ హాల్లో, అందరి మధ్య కూర్చుని, ఒక్కసారే చూస్తుంది. "ఆగండి పెద్దమ్మా, మళ్లీ మొదట్నుంచి వేస్తాం" అంటే ఆ క్షణం తిరిగి రాదు. ఈ వ్యాసం మొత్తానికీ ఆవిడ స్లైడ్‌షోనే ఉదాహరణగా తీసుకుందాం.

ముందు ఒక్క చరిత్ర ముక్క. పవర్‌పాయింట్ 1987లో వచ్చింది, మొదట మాకింతోష్ కంప్యూటర్ల కోసం. తయారుచేసిన ఫోర్‌థాట్ అనే కంపెనీని అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద ట్రాన్స్‌పరెన్సీ షీట్లు మార్చుకుంటూ మాట్లాడే మనిషి కోసం తయారైన సాఫ్ట్‌వేర్ అది. అంటే స్లైడ్ ఎప్పుడు మారాలో నిర్ణయించేది మనిషి వేలు. మనమేమో దాన్ని సినిమాలాగా వాడాలనుకుంటున్నాం. కింద చెప్పే తిప్పల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

స్లైడ్ తనంతట తాను కదలట్లేదు

ప్రతి స్లైడ్‌కీ ట్రాన్సిషన్స్ ట్యాబ్‌లో కుడివైపు చివర "అడ్వాన్స్ స్లైడ్" అని ఉంటుంది. దాని కింద రెండు టిక్ బాక్సులు: "ఆన్ మౌస్ క్లిక్", "ఆఫ్టర్". ఆఫ్టర్‌కి టిక్ పెట్టి సెకన్లు ఇస్తేనే స్లైడ్ తనంతట తాను మారుతుంది. ఒక స్లైడ్‌కి పెట్టి "అప్లై టు ఆల్" నొక్కితే అన్నిటికీ వర్తిస్తుంది. కానీ ఆ తర్వాత కొత్తగా చేర్చిన స్లైడ్లకి ఆ టైమ్ ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి. షో సరిగ్గా ఒకే చోట ఆగిపోతోందంటే చాలాసార్లు అక్కడున్న స్లైడ్‌కి టైమ్ లేదనే అర్థం. ఒక్కో స్లైడ్ తెరిచి వెతకక్కర్లేదు. వ్యూ ట్యాబ్‌లో "స్లైడ్ సార్టర్" తెరిస్తే బొమ్మ కింద టైమ్ కనిపిస్తుంది. ఖాళీగా ఉన్న స్లైడే దొంగ.

అన్నిటికీ టైమ్ ఉన్నా కదలకపోతే స్లైడ్‌షో ట్యాబ్‌లో "యూజ్ టైమింగ్స్" టిక్ ఉందో లేదో చూడండి. "సెటప్ స్లైడ్ షో" లోపల "మాన్యువల్లీ" అని ఉంటే మీరిచ్చిన సెకన్లన్నీ ఫైల్‌లో భద్రంగా ఉంటాయి, కానీ వాటిని ఎవరూ పట్టించుకోరు.

మూడోది యానిమేషన్. స్లైడ్ మీదున్న యానిమేషన్లు పూర్తయ్యేదాకా స్లైడ్ మారదు. మీరు 5 సెకన్లు ఇచ్చి, అదే స్లైడ్‌లో 8 సెకన్ల యానిమేషన్ పెడితే గెలిచేది యానిమేషనే. ఫొటోలు ఎక్కువున్న షోలో యానిమేషన్లు తగ్గించడం మంచిది. తప్పదనుకుంటే వాటి స్టార్ట్‌ని "ఆన్ క్లిక్" నుంచి "ఆఫ్టర్ ప్రీవియస్"కి మార్చండి.

ఇంకో చిన్న జాగ్రత్త. ఆటోమేటిక్ షోలో "ఆన్ మౌస్ క్లిక్" టిక్ తీసేయండి. లేకపోతే ఎవరి చెయ్యో మౌస్‌కి తగిలి ఒక ఫొటో ఎగిరిపోతుంది, అక్కడ్నుంచి పాటకీ ఫొటోలకీ లంకె తెగిపోతుంది.

పాట మధ్యలో ఆగిపోతోంది

ఇన్సర్ట్ ట్యాబ్ నుంచి ఆడియో పెడితే పవర్‌పాయింట్ దృష్టిలో అది ఆ ఒక్క స్లైడ్‌కి చెందిన వస్తువు. స్లైడ్ వెళ్తే అదీ వెళ్లిపోతుంది. స్పీకర్ బొమ్మని సెలెక్ట్ చేసి ప్లేబ్యాక్ ట్యాబ్‌లో "ప్లే ఇన్ బ్యాక్‌గ్రౌండ్" నొక్కితే నాలుగు పనులు ఒకేసారి అవుతాయి: పాట ఆటోమేటిక్‌గా మొదలవుతుంది, స్లైడ్లు మారినా కొనసాగుతుంది, అయిపోతే మళ్లీ మొదలవుతుంది, షోలో స్పీకర్ బొమ్మ కనిపించదు.

రెండు పాటలు వాడాలంటే? "ప్లే ఇన్ బ్యాక్‌గ్రౌండ్"లో మొదటి పాటకి అంతం అనేది లేదు కాబట్టి రెండో పాట వచ్చాక రెండూ కలిసి మోగుతాయి. అందుకని మొదటి పాటకి లూప్ టిక్ తీసేసి, యానిమేషన్ పేన్‌లో ఆ పాట మీద రైట్ క్లిక్ చేసి "ఎఫెక్ట్ ఆప్షన్స్" తెరవండి. "స్టాప్ ప్లేయింగ్" కింద ఎన్ని స్లైడ్ల తర్వాత ఆగాలో అంకె ఇవ్వొచ్చు. ఇరవయ్యో స్లైడ్‌తో మొదటి పాట ముగియాలంటే 20 అని ఇస్తారు. పాట గొంతు నొక్కినట్టు ఆగకుండా ప్లేబ్యాక్‌లో "ఫేడ్ అవుట్"కి రెండు మూడు సెకన్లు ఇవ్వండి. ఫేడ్ అవుట్ క్లిప్ చివర్లోనే పనిచేస్తుంది కాబట్టి ముందు "ట్రిమ్ ఆడియో"తో పాటని కావాల్సిన చోటికి కత్తిరించుకోవాలి.

నా ల్యాప్‌టాప్‌లో వస్తోంది, హాల్లో రావట్లేదు

దీనికి కారణాలు రెండు రకాలు: పాట ఫైల్‌లో లేకపోవడం, లేదా శబ్దం వేరే చోటికి వెళ్లిపోవడం.

పవర్‌పాయింట్ 2007 దాకా ఎంపీ3 పాటలు ఫైల్ లోపలికి చేరేవి కావు. పాట ఎక్కడుందో ఆ చిరునామా మాత్రమే ఫైల్‌లో ఉండేది. పెన్‌డ్రైవ్‌లో ప్రెజెంటేషన్ ఒక్కటే తీసుకెళ్తే పాట ఇంట్లోనే ఉండిపోతుంది. 2010 వెర్షన్ నుంచి మామూలుగా ఇన్సర్ట్ చేస్తే పాట లోపలే ఉంటుంది. "లింక్ టు ఫైల్" ఎంచుకుంటే మాత్రం పాత కథే.

పాట లోపల ఉందో లేదో చూడ్డానికి మనవాళ్లకి నచ్చే పద్ధతి ఒకటుంది. పీపీటీఎక్స్ ఫైల్ అంటే నిజానికి ఒక జిప్ ఫైల్. కాపీ ఒకటి తీసి, చివరున్న పీపీటీఎక్స్‌ని జిప్ అని మార్చి తెరవండి. లోపల పీపీటీ ఫోల్డర్, దాన్లో మీడియా ఫోల్డర్ ఉంటాయి. మీ పాట అక్కడ కనిపిస్తే నిశ్చింత. పక్కనే స్లైడ్స్ ఫోల్డర్‌లో ఎక్స్ఎంఎల్ ఫైళ్లుంటాయి. మీరు 5 సెకన్లని ఇచ్చిన టైమ్ అక్కడ 5000 అని, మిల్లీసెకన్లలో ఉంటుంది. మనం మౌస్‌తో చేసిందంతా చివరికి ఇలా రాతలోనే ఉందని చూస్తే భలే సరదాగా ఉంటుంది.

పాట లోపలే ఉన్నా మోగకపోతే శబ్దం ఎటు పోతోందో చూడాలి. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతో పాటు శబ్దాన్నీ మోస్తుంది. కేబుల్ పెట్టగానే విండోస్ శబ్దాన్ని ప్రొజెక్టర్‌కి పంపొచ్చు. ప్రొజెక్టర్‌కి స్పీకర్ లేకపోతే అంతా నిశ్శబ్దం. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, హాల్ సౌండ్ సిస్టమ్ దేనికి కనెక్ట్ అయిందో ఆ అవుట్‌పుట్ ఎంచుకుంటే సరి. బ్లూటూత్ స్పీకర్ వాడితే శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది. హాల్లో వైర్ ఉంటే వైరే వాడండి.

ఇంకో రకం ఇబ్బంది వాట్సాప్ వాయిస్ నోట్లతో. పాత సీనియర్లు పెద్దమ్మకి పంపిన మాటల్ని షోలో పెట్టాలనుకుంటాం. ఆ ఫైళ్లు సాధారణంగా ఆజీజీ లేదా ఓపస్ రకంవి. పవర్‌పాయింట్ వాటితో కుదురుగా ఉండదు. వీఎల్‌సీలో "కన్వర్ట్" వాడి ఎంపీ3 చేసుకుంటే గొడవ తీరుతుంది. గూగుల్ స్లైడ్స్ వాడేవాళ్లకి వేరే మెలిక: అక్కడ ఆడియో డ్రైవ్ నుంచి రావాలి. ప్రెజెంటేషన్ షేర్ చేసినా పాట ఫైల్‌ని విడిగా షేర్ చేయకపోతే అవతలివాళ్లకి వినపడదు.

అన్నీ పనిచేస్తున్నాయి, అయినా పాటతో కలవట్లేదు

అసలు కథ ఇదే. లెక్క చూద్దాం. పాట 4 నిమిషాల 12 సెకన్లు, అంటే 252 సెకన్లు. పెద్దమ్మ ఫొటోలు 42. భాగిస్తే ఫొటోకి 6 సెకన్లు. చాలామంది ఆఫ్టర్‌లో 6 అని ఇచ్చేస్తారు. కానీ ట్రాన్సిషన్‌కి కూడా డ్యూరేషన్ అని ఒక టైమ్ ఉంటుంది. స్లైడ్ ఆగే సమయం లెక్క ట్రాన్సిషన్ అయ్యాకే మొదలవుతుంది. ట్రాన్సిషన్ 1 సెకను అయితే ఒక్కో ఫొటో 7 సెకన్లు తింటుంది. మొత్తం 294 సెకన్లు. పాట అయిపోయాక ఇంకా 42 సెకన్ల ఫొటోలు మిగులుతాయి. కాబట్టి ఆఫ్టర్‌లో ఇవ్వాల్సింది 5.

ఇప్పుడు కాగితం మీద లెక్క సరిపోయింది. హాల్లో మాత్రం ఇంకా కొంచెం తేడా రావొచ్చు. ఎందుకంటే ఫొటోలకీ పాటకీ మధ్య తాడేమీ లేదు. రెండూ ఒకేసారి బయల్దేరిన ఇద్దరు మనుషుల్లాంటివి. పాట తన వేగంతో ఆగకుండా పోతుంది. స్లైడ్ మాత్రం పెద్ద ఫొటో వచ్చినప్పుడల్లా దాన్ని తెరవడానికి ఒక్క క్షణం తడబడుతుంది. ఒక్కో ఫొటోకి 0.2 సెకను ఆలస్యమైతే ఏమవుతుందని? మూడో ఫొటో దగ్గర ఎవరూ గమనించరు. కానీ 37వ ఫొటో ముందు 36 స్లైడ్లున్నాయి. 36ని 0.2తో గుణిస్తే 7.2 సెకన్లు. చరణం ముగిసి పల్లవి మళ్లీ అందుకునే చోట పెద్దమ్మ వాళ్ల అమ్మ ఫొటో రావాలని మీరు పెట్టుకుంటే, అది వచ్చేసరికి పల్లవి సగం అయిపోయి ఉంటుంది.

మొదటి మందు ఫొటోల బరువు తగ్గించడం. పిక్చర్ ఫార్మాట్‌లో "కంప్రెస్ పిక్చర్స్" ఉంది. ఫోన్ కెమెరా ఇచ్చే సైజు ప్రొజెక్టర్‌కి అవసరం లేదు.

రెండో మందు తాళం పట్టుకోవడం. స్లైడ్ ఎక్కడో పదం మధ్యలో కాకుండా దెబ్బ మీద మారితే కంటికి హాయిగా ఉంటుంది. ఆదితాళానికి ఆవర్తనం 8 అక్షరాలు: లఘువుకి 4, రెండు ద్రుతాలకి రెండేసి. పాట నిమిషానికి 96 దెబ్బల వేగంతో ఉంటే ఒక్కో దెబ్బకి 0.625 సెకను, 8 దెబ్బలకి సరిగ్గా 5 సెకన్లు. ఫొటోకి ట్రాన్సిషన్‌తో కలిపి 5 సెకన్లు ఇస్తే ప్రతి ఆవర్తనానికీ ఒక ఫొటో మారుతుంది. పాట ఈ వేగంలో లేకపోతే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 8 దెబ్బలకి ఎంత పడుతోందో కొలవండి. ఆఫ్టర్ బాక్స్ సెకనులో నూరో వంతు దాకా తీసుకుంటుంది.

మూడోది, ముఖ్యమైన చోట తాడు కట్టడం. పాట ప్లే అవుతుండగా ప్లేబ్యాక్ ట్యాబ్‌లో "యాడ్ బుక్‌మార్క్" నొక్కితే ఆ చోట ఒక చుక్క పడుతుంది. తర్వాత అదే స్లైడ్ మీదున్న ఫొటోకి యానిమేషన్ ఇచ్చి, "ట్రిగ్గర్"లో "ఆన్ బుక్‌మార్క్" ఎంచుకోండి. పాట ఆ చుక్క దగ్గరికి రాగానే ఫొటో వస్తుంది. ఇక్కడ గడియారాలు రెండు కావు, పాటే గడియారం. పాట, ఫొటో ఒకే స్లైడ్ మీద ఉండాలి కాబట్టి షో అంతటికీ ఇది కుదరదు. చివరి నాలుగైదు ఫొటోలని ఒకే స్లైడ్ మీద పెట్టి, ఆ భాగం పాటని కత్తిరించి అక్కడే పెట్టుకుంటే చాలు.

అన్నిటికంటే గట్టి దారి వీడియో చేసేయడం. ఫైల్, ఎక్స్‌పోర్ట్, "క్రియేట్ ఎ వీడియో". రికార్డ్ చేసిన టైమింగ్స్ వాడమని ఎంచుకోండి. టైమ్ ఇవ్వని స్లైడ్లకి అది మామూలుగా 5 సెకన్లు వేసుకుంటుంది. ఎంపీ4 అయిపోయాక ఫొటోలూ పాటా ఒకే ఫైల్‌లో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. హాల్ కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉన్నా, అసలు పవర్‌పాయింట్ లేకపోయినా, వీఎల్‌సీ ఉంటే చాలు. తయారవడానికి టైమ్ పడుతుంది కాబట్టి ప్రోగ్రామ్‌కి పది నిమిషాల ముందు మొదలుపెట్టకండి.

ముందురోజు

హాల్ తాళం ముందురోజు సాయంత్రమే అడిగి తీసుకోండి. అదే కంప్యూటర్, అదే కేబుల్, అదే స్పీకర్. మొదటి రెండు స్లైడ్లు చూసి "ఓకే రా" అనేసి వెళ్లిపోకండి, తేడా బయటపడేది చివర్లోనే. ఎంపీ4తో పాటు అసలు ఫైల్, పాట, మూడూ పెన్‌డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. పవర్‌పాయింట్‌లోనే వేస్తుంటే కీబోర్డ్ దగ్గర ఒకరు ఉండాలి. ఎస్ నొక్కితే ఆటోమేటిక్ షో ఆగుతుంది, మళ్లీ నొక్కితే సాగుతుంది. బి నొక్కితే తెర నల్లగా అయిపోతుంది. ఏదైనా తేడా వస్తే డెస్క్‌టాప్ ఐకాన్లన్నీ హాలంతటికీ చూపించే కంటే నల్ల తెర చాలా మర్యాదగా ఉంటుంది.

ఇంకొకటి. చివరి ఫొటోకి మిగతావాటికంటే ఎక్కువ టైమ్ ఇవ్వండి. లెక్క ప్రకారం 6 సెకన్లే రావొచ్చు. పెద్దమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకోవడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.