విత్తన ప్యాకెట్టులో ఎవరి వాటా ఎంత?

బహుళజాతి సంస్థల వల్ల పేద దేశాలు బాగుపడుతున్నాయా, మరింత చితికిపోతున్నాయా అన్న ప్రశ్న మనకు ఎక్కడో దూరదేశపు వ్యవహారంగా తోస్తుంది. కాని మృగశిర కార్తె సమీపించే వేళ మోత్కూర్‌లో విత్తన దుకాణం ముందు నిలబడే రైతుకు అది పత్తి గింజల ప్యాకెట్టు రూపంలో ఎదురవుతుంది.

మన దేశంలో బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి లభించింది. అమెరికాకు చెందిన మోన్‌శాంటో, మన దేశపు మహికో కలిసి నెలకొల్పిన సంస్థ ఆ జన్యువును ఇక్కడి విత్తన కంపెనీలకు అందించింది. శనగపచ్చ పురుగుకు మందు కొట్టి కొట్టి విసిగిన రైతు దాని వైపు ఆశగా చూశాడు. తొలి రకాలు అన్ని నేలలకూ సరిపడలేదు. వరంగల్ ప్రాంతంలో రైతులు నష్టపోయారు. 2005లో మూడు రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని పొడిగించలేదు. అయినా న్యాయంగా చెప్పాలంటే, తరువాత వచ్చిన రకాలతో ఆ పురుగు బెడద తగ్గిన మాట నిజం. పత్తి రైతు అప్పుల కథ కూడా బీటీతో మొదలైనది కాదు. 1997-98లో వరంగల్ జిల్లాలో జరిగిన ఆత్మహత్యలను మనమింకా మరువలేదు.

మన ఫిర్యాదు విత్తనం మీద కాదు, దాని ధర మీద. ఆ రోజుల్లో 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైగా పలికేది. అందులో సింహభాగం జన్యువుపై వసూలు చేసే రాయల్టీయే! గింజను పండించినవాడికి, అమ్మినవాడికి మిగిలేది తక్కువ. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రాయల్టీ అన్యాయమని గుత్తాధిపత్య వ్యాపారాల నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. దానిని తగ్గించాలని కమిషన్ ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టు ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ధర సగానికి పడిపోయినా అమ్మకాలు ఆగలేదు, కంపెనీలు మూతపడలేదు. మరి అంతకుముందు రైతు చెల్లించిన మిగతా సగం దేనికి?

తరువాత గులాబీ రంగు పురుగు రెండు జన్యువులున్న బీటీ పత్తిని సైతం తట్టుకొని నిలిచింది. మందు పిచికారీలు మళ్లీ మొదలయ్యాయి. 2016లో కేంద్రం రాయల్టీని 49 రూపాయలకు కుదించింది. 2020లో పూర్తిగా తొలగించింది. అంటే పురుగును ఆపే శక్తి తగ్గుతున్న సంవత్సరాల్లో కూడా రైతు రాయల్టీ చెల్లిస్తూనే వచ్చాడు.

నల్లగొండ వైపు ఎర్ర చెల్కల్లో తేమ నిలవదు. బోరు లేనిచోట వానే దిక్కు. మొదటి వానకు వేసిన గింజ మొలవకపోతే మళ్లీ ప్యాకెట్టు కొనాలి. హైబ్రిడ్ కనుక ఇంటి గింజ దాచుకొని వేసుకునే వీలూ లేదు. పట్టా లేని కౌలుదారుకు బ్యాంకు అప్పు దొరకదు. వడ్డీ హరామ్ అని ఎరిగిన ఇంటివాడు సైతం విత్తనం, ఎరువు అరువు తెచ్చి, ఆ వడ్డీని ధరలో కలిపి కట్టి, పత్తిని ఆ అరువిచ్చినవాడికే తూచి వస్తున్నాడు. దిగుబడి బాగుంటే అందరికీ వాటా ఉంది, పంట పోతే నష్టం ఒక్కరిదే.

అందుకే మన ఇళ్లలో విత్తనం కొనేవారు బిల్లు అడిగి తీసుకోవాలి. దానిపై రకం పేరు, లాట్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఖాళీ ప్యాకెట్టును పంట చేతికొచ్చేదాకా పారవేయకూడదు. మొలక రాని గింజకు పరిహారం అడిగే రోజున మొదట చూపవలసినవి అవే.