గదిని నేర్చుకునే ఫోన్

"సార్, పెళ్ళిపందిట్లో మైకు పట్టుకుని స్పీకరు ముందుకు వెళ్తే కుయ్యిమని చెవులు చిల్లులు పడతాయి. మరి మీటింగ్ రూముల్లో టేబుల్ మీద పెట్టే ఫోన్లో మైకూ స్పీకరూ ఒకే డబ్బాలో ఉంటాయి కదా, అదెందుకు అరవదు?"

వెనక బెంచీ కుర్రాడి ప్రశ్న ఇది. సిలబస్‌లో లేదు. అయినా ఆ పీరియడంతా దానికే పోయింది, పోవాల్సినంత ప్రశ్నే. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఆ మూడు కాళ్ళ నల్లటి ఫోన్‌ని రోజూ చూస్తారు. మ్యూట్ బటన్ ఎక్కడుందో తెలుసుకుంటే చాలనుకుంటారు. దాని కడుపులో ఎంత లెక్క నడుస్తోందో తెలిస్తే కాస్త మర్యాదగా చూస్తారు.

ముందు ఆకారం సంగతి. 1990లో అమెరికాలో బ్రయన్ హిన్మన్, జెఫ్రీ రాడ్‌మన్ కలిసి పాలీకామ్ పెట్టారు. 1992లో వాళ్ళ సౌండ్‌స్టేషన్ వచ్చింది. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఏ కంపెనీ ఫోనైనా చాలాకాలం 'పాలీకామ్' అనే పిలిచారు. మూడు కాళ్ళు అందం కోసం పెట్టినవి కావు. ఒక్కో కాలి కొసన ఒక మైకు, మధ్యలో పైకి చూసే స్పీకరు. ఆ మైకులకు ముందునుంచి వచ్చే మాట బాగా వినబడుతుంది, వెనకనుంచి వచ్చేది దాదాపు వినబడదు. మూడూ స్పీకరుకి వీపు పెట్టి కూర్చుంటాయి. చక్కటి ఉపాయమే గానీ దీనితో సగం పనే అవుతుంది. స్పీకర్లోంచి వెళ్ళిన శబ్దం సీలింగుకి తగిలి, అద్దాల గోడకి తగిలి, మైకు ముందువైపునుంచే తిరిగొస్తుంది. మైకు దాన్ని మాట అనుకుని మళ్ళీ లైన్లోకి పంపేస్తుంది. అవతలివాళ్ళకి తమ గొంతే తమకు వినిపిస్తుంది. రెండు గదులూ ఇలాగే ఉంటే శబ్దం చుట్టు తిరుగుతూ పెరిగి, పందిట్లో కుయ్యిమన్నట్టే అరుస్తుంది.

దీనికి పాత మందు మొరటుది. 1920ల నుంచే దూరప్రాంతాల టెలిఫోన్ లైన్లలో వాడారు. ఒకవైపు మాట వస్తుంటే రెండోవైపు దారి మూసెయ్యడం, అంతే. ఇరుకు కల్వర్టు దగ్గర ఒకవైపు బండ్లు ఆపి ఇంకోవైపు వదిలినట్టు. తొలితరం స్పీకర్ ఫోన్లూ ఇదే పద్ధతి పట్టాయి. మనవాళ్ళ మాటతీరుకి ఇది బొత్తిగా పొసగదు. ఎదుటివాడు చెబుతున్నంతసేపూ 'ఆఁ', 'ఊఁ', 'ఔనౌను' అనకపోతే వినట్లేదనుకుంటాం. ఆ 'ఊఁ' అన్నప్పుడల్లా ఫోన్ అవతలివాడి నోరు నొక్కేస్తుంది. పైన సీలింగ్ ఫ్యాన్ జోరుగా తిరుగుతుంటే దాని హోరునే మాట అనుకుని అసలు దారే వదలని ఫోన్లూ ఉన్నాయి.

ఇంతలో టెలిఫోన్ మాటలు మోసే ఉపగ్రహాలు వచ్చాయి. 1965లో ఎర్లీ బర్డ్ పైకి వెళ్ళింది. ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకెళ్ళి కిందికి రావడానికే సెకనులో పావువంతు, ప్రతిధ్వని తిరిగి చేరేసరికి అరసెకను. 'హలో' అన్న అరసెకను తర్వాత మీ 'హలో' మీకే వినిపిస్తే మాట సాగదు. దారి మూసే పద్ధతి అక్కడ ఇంకా ఘోరం. ఈ చిక్కు రాబోతోందని అమెరికా టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో ముందే పసిగట్టారు.

అక్కడే జాన్ కెల్లీ, బెంజమిన్ లోగన్ దారి మూయడం మానేసి తీసివేత లెక్క మొదలుపెట్టారు. జూదంలో ఎంత పందెం కాయాలో చెప్పే 'కెల్లీ సూత్రం' ఈ కెల్లీదే. ప్రతిధ్వనిని తీసేసే తన యంత్రానికి పేటెంట్ వచ్చేవరకు ఆయన బతకలేదు. 1965లో, 41 ఏళ్ళకే పోయాడు. పేటెంట్ 1970లో వచ్చింది, దాని నంబరు సరిగ్గా 35,00,000. ఆ ఆలోచనకు పూర్తి గణితం రాసి 1967లో ప్రచురించినవాడు మన్‌మోహన్ సోంధీ. ఫిరోజ్‌పూర్‌లో పుట్టి, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి బెల్ ల్యాబ్స్ చేరినవాడు. మన ఎలక్ట్రానిక్స్ పాఠ్యపుస్తకాల్లో ఆయనకు చోటు లేకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

తీసివేత అంటే ఇది. స్పీకర్లోంచి ఏం బయటికి పోతోందో ఫోన్‌కి ముందే తెలుసు, ఆ సిగ్నల్ దాని చేతిలోంచే వెళ్తోంది. తెలియనిదల్లా గది దాన్ని ఏం చేసి తిరిగి పంపుతుందన్నదే. సెకనుకి 8,000 సార్లు శబ్దాన్ని కొలిచే ఫోన్ అనుకుందాం. టేబుల్‌కి సీలింగు 2 మీటర్ల పైన ఉంటే శబ్దం పోయిరావడానికి 4 మీటర్లు. శబ్దవేగం సెకనుకి సుమారు 343 మీటర్లు కాబట్టి దాదాపు 12 మిల్లీసెకన్లు, అంటే సుమారు 93 కొలతల కిందటి శబ్దం ఇప్పుడు మైకుని తాకుతోంది. 5 మీటర్ల దూరంలో ఉన్న అద్దాల గోడనుంచి వచ్చేది 233 కొలతల కిందటిది. అందుకని ఫోన్ ఒక వరస అంకెలు పెట్టుకుంటుంది. ఇన్ని కొలతల కిందటి శబ్దంలో ఇప్పుడు ఎంత వంతు తిరిగొస్తోందో ఒక్కో అంకె చెబుతుంది. సెకనులో ఎనిమిదో వంతు కాలం పట్టుకోవాలంటే 1,000 అంకెలు కావాలి. ఆ వరసే ఆ గది బొమ్మ.

ఫోన్ తయారుచేసినవాడు మీ గదిని చూడలేదు కదా, మరి ఆ అంకెలు ఎవరు నింపుతారు? నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే. మొదట అన్నీ సున్నాలే. అవతలివాడు 'హలో' అనగానే ఫోన్ తన అంకెలతో ప్రతిధ్వని ఎంత రావాలో ఊహిస్తుంది, మైకులో వచ్చిన దానిలోంచి ఆ ఊహ తీసేస్తుంది. ఏదో మిగులుతుంది. ఆ మిగులే దాని గురువు. మిగులుని ఒక్కో పాత కొలతతో గుణించి, ఆ మేరకు సంబంధిత అంకెను రవ్వంత జరుపుతుంది. మళ్ళీ ఊహ, మళ్ళీ తీసివేత, మళ్ళీ సవరింపు. సెకనుకి 8,000 సార్లు. ప్రత్యేకంగా టపటపమని పరీక్ష శబ్దాలేవీ అక్కర్లేదు, మాట్లాడే మాటే పరీక్ష. ఈ రకం సవరింపు నియమాల్లో పేరుపడ్డది 1960లో స్టాన్‌ఫోర్డ్‌లో విడ్రో, హాఫ్ ఇచ్చినది. నేటి కృత్రిమ మేధ నేర్చుకునే పద్ధతికి అది పెద్దమ్మ వరస. ఊహకే సెకనుకి 80 లక్షల గుణకారాలు, సవరింపుకి ఇంకో అంత. నాణ్యమైన మాట కోసం సెకనుకి 16,000 సార్లు కొలిచి, 200 మిల్లీసెకన్లు పట్టాలంటే ఊహకే 5 కోట్లు దాటుతుంది.

ఒక్క తిరకాసు. అవతలివాడు మాట్లాడుతుండగా గదిలోవాళ్ళూ నోరు తెరిస్తే, మిగిలేది ప్రతిధ్వని కాదు, అసలు మాట. దాన్ని తప్పు అనుకుని అంకెలు సవరిస్తే నేర్చుకున్నదంతా చెడుతుంది. అందుకే మైకులోకి వచ్చేది ప్రతిధ్వని ఉండగలిగినదానికంటే బాగా ఎక్కువైతే ఫోన్ పాఠం ఆపేసి, ఉన్న అంకెలతోనే తీసివేత సాగిస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా వినిపించే ఫోన్‌కీ, తెగి తెగి వినిపించే ఫోన్‌కీ తేడా ఎక్కువగా ఈ గుర్తుపట్టడంలోనే ఉంది.

తర్వాతి కథ గబగబా చెప్పొచ్చు. 1980కల్లా బెల్ ల్యాబ్స్‌లో డట్‌వైలర్ అనే ఇంజనీరు ఈ తీసివేత యంత్రాన్ని ఒక్క చిప్పులో ఇరికించాడు. చిప్పులు చవకయ్యాక టెలిఫోన్ లైన్లలో వాడిన ఈ పద్ధతి గదుల్లోకి వచ్చింది. పాలీకామ్‌ని 2018లో ప్లాంట్రానిక్స్ కొంది, 2022లో ఆ రెంటినీ హెచ్‌పీ కొంది.

ఇక గదిలో పెట్టడం. టేబుల్ నడుమ పెట్టండి, గోడకి ఆనించొద్దు, ప్రొజెక్టరు ఫ్యాన్ పక్కన అసలొద్దు. నెట్‌వర్క్ వైరు గుచ్చినా లైటు వెలగకపోతే ఫోన్‌ని తిట్టకండి. ఆ స్విచ్ పోర్టు వైరుమీద కరెంటు ఇచ్చే రకం కాకపోవచ్చు, అడాప్టరు కావాలి. ఒక్కోసారి రింగవుతుంది, కాల్ కలుస్తుంది, ఒకవైపు మాట మాత్రం రాదు. కాల్ కలిపే సందేశాలు ఒక దారిన, మాట ఇంకో దారిన పోతాయి, చాలాసార్లు ఫైర్‌వాల్ రెండోదాన్ని ఆపుతుంటుంది. ఇది మైకు జబ్బు కాదు, నెట్‌వర్క్‌వాళ్ళ పని. మధ్యమధ్య 'టిటిటిట్ టిటిటిట్' అని గరగర వస్తే పక్కనున్న పాత 2జీ సెల్‌ఫోన్ తీసెయ్యండి. అది సెకనుకి సుమారు 217 సార్లు విడతలుగా రేడియో శక్తి కొడుతుంది, మైకు తీగలు దాన్నే శబ్దంగా పట్టుకుంటాయి.

అద్దాల గదులు వీటన్నిటికంటే మొండివి. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్ ఒక లెక్చర్ హాలు మోత తగ్గించడానికి రాత్రిళ్ళు పక్క థియేటరు కుషన్లు మోసుకొచ్చి కొలిచాడు. మీకు అంత అక్కర్లేదు, కర్టెన్ లాగితే చాలు. వాల్యూమ్ చివరిదాకా పెంచొద్దు. చిన్న స్పీకరు తట్టుకోలేక శబ్దం పగిలితే, అసలు సిగ్నల్లో లేని కొత్త శబ్దాలు పుడతాయి. వాటిని ఆ 1,000 అంకెలు పట్టలేవు. అదే గదిలో ఎవరైనా ల్యాప్‌టాప్‌లో అదే మీటింగ్ తెరిచి స్పీకరు ఆన్ చేస్తే కుయ్యిమనడం ఖాయం. ల్యాప్‌టాప్‌లో మాట వేరే దారిన, ఆలస్యంగా వస్తుంది, ఫోన్ పెట్టుకున్న అంకెల వరసకి అది అందదు. ఆ ల్యాప్‌టాప్ మైకూ స్పీకరూ రెండూ ఆపాలి.

చివరిగా, మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తే మీ ఫోన్‌ని కదపకండి. జబ్బు అవతలి గదిది, అక్కడివాళ్ళని వాల్యూమ్ తగ్గించమనండి.