గిరాకియు అభిరుచియు

ఇంజనీరింగు చదువగోరు విద్యార్థి మొదట అడుగునది, “ఏ శాఖకు ఉద్యోగములు మెండు?” అని. అది తప్పు ప్రశ్న కాదు. బ్రదుకుతెరువు ఎవరికి వలదు? కాని చదువు ముగియుటకు నాలుగేండ్లు పట్టును. నేటి గిరాకి నాటికిని నిలుచునని చెప్పగలవా రెవరు?

అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసున ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. పదునెనిమిదవ యేట భర్త మరణించెను. ఒడిలో నెలల పసికందు. సంపాదన ఆమెకు అత్యవసరము. వైద్యవిద్య నెంచుకొన్నచో వేళగానివేళ బిడ్డను విడిచి పోవలసివచ్చునని దానిని మానుకొనిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాఖాచార్యులు. చిన్ననాటినుండి ఇంట విన్న విద్య అదియే గదా! ఆమె ఆ శాఖలోనే చేరిరి. అంతవరకు ఆ కళాశాలలో స్త్రీలు చదివి యుండలేదు. స్త్రీని ఇంజనీరుగా కోరు కొలువు ఆనాడు ఎక్కడ నున్నది? గిరాకినే చూచియుండినచో ఆమె గిండీ గడప త్రొక్కియే యుండరు. 1943లో చదువు ముగించి, భారతదేశమున తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరైరి. పిమ్మట కలకత్తాలో ఒక సంస్థయందు చేరి, భాక్రా నంగల్ ఆనకట్టకు కావలసిన విద్యుదుత్పాదక యంత్రముల పనిలో పాలుగొనిరి.